చల్లారిన నిప్పు మీద ఒక పగలు



మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయికి బతకబోయిన బంధువు లేని ఊరు అరుదు. వాళ్ళను చూడటానికి ముంబయి వెళ్ళినప్పుడు ఒక పగలు మిగుల్చుకుని ఎలిఫెంటా దీవికి వెళ్ళి రండి. శిల్పాలు చూడటానికే కాదు, లావా గడ్డకట్టిన రాయిని చూడటానికి కూడా.

మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం. చాలాకాలం నిద్రపోయి, 1991లో మళ్ళీ రాజుకుంది. దాన్ని పడవలోంచి చూడవలసిందే, దిగనివ్వరు. ఎలిఫెంటా అలాంటిది కాదు, దాని నిప్పు ఏనాడో ఆరింది. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను నేల పగుళ్ళలోంచి లావా పైకి వచ్చి, పొర మీద పొరగా పారింది. అది గట్టిపడితే నల్లరాయి అయింది. ఆ రాయి ఎండకూ వానకూ చితికితే నల్లరేగడి అయింది. ఆదిలాబాదు వైపు మనం పత్తి వేసే చేను, సముద్రంలోని ఆ దీవి ఒక తల్లి బిడ్డలే.

కామాటిపుర చాళ్ళలో దిగినవారు గ్రాంట్ రోడ్డు స్టేషనుకు నడిచి, లోకల్‌లో చర్చిగేటు చేరి, అక్కణ్ణుంచి గేట్‌వే ఆఫ్ ఇండియాకు వెళ్ళవచ్చు. లాంచీలో సుమారు గంట ప్రయాణం. సోమవారం గుహలు మూసి ఉంటాయి. లైఫ్ జాకెట్ తొడుక్కోనిదే లాంచీ ఎక్కవద్దు. 2024 డిసెంబరు 18న ఈ దారిలోనే నౌకాదళం స్పీడు బోటు ఢీకొని యాత్రికుల లాంచీ మునిగింది. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

దీవిలో మెట్లెక్కితే పెద్ద గుహ వస్తుంది. స్తంభాలు ఎక్కడినుంచో తెచ్చి నిలిపినవి కావు. కొండను లోపలికి తొలుచుకుంటూ పోయి, స్తంభాలకు కావలసినంత రాయి వదిలారు. దెబ్బ తప్పితే అతుకు వేసే వీలులేని పని. సుమారు ఇరవై అడుగుల మూడు ముఖాల సదాశివ మూర్తి కూడా ఆ కొండలో భాగమే. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ నాటి పని ఇది. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెక్కినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

నిజాం సీమ నుంచి వెళ్ళి బొంబాయి కట్టడాలకు రాళ్ళెత్తిన మనవాళ్ళ పేర్లూ అంతే, ఎక్కడా లేవు. కాని ఒక్క పేరు మిగిలింది. కామాటి అంటే కూలి, కట్టడం పని చేసేవాడు. ఆ కామాటీలు ఉన్న పేటే కామాటిపుర. తరువాతి కాలంలో ఆ పేటకు వచ్చిన చెడ్డపేరు వల్ల మన పిల్లలు అక్కడ ఉంటున్నామని చెప్పడానికి సిగ్గుపడతారు. ఆ పేరు కష్టజీవి పేరని పెద్దలు వారికి చెప్పాలి.

తిరిగి వచ్చాక, వీలైతే మర్నాడు బైకుళాలో జీజామాత ఉద్యానం పక్కనున్న మ్యూజియం దగ్గరకు వెళ్ళండి. కామాటిపురకు దగ్గరే. ఆవరణలో రాతి ఏనుగు కనబడుతుంది. ఒకప్పుడు ఆ దీవిలో ఉండేది. దాన్ని చూసే పోర్చుగీసువారు ఘారాపురికి ఎలిఫెంటా అని పేరు పెట్టారు. 1864లో తరలించబోతే విరిగిపోయింది, తరువాత ముక్కలు కలిపి నిలబెట్టారు. పిల్లలను దాని ముందు నిలబెట్టి చెప్పండి: ఇదీ మన చేలగట్టు రాయే, దీన్ని మలిచిందీ మనలాంటి చేతులే అని.

సెలవు.