పులికాట్ పక్షికి మూడు రంగులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. పదవ తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఇల్లు తిరుత్తణిలో, ఉద్యోగం తిరువళ్ళూరులో. సెలవునాడు కెమెరా భుజాన వేసుకొని పక్షుల వెంట తిరగడం నాకున్న ఒకే ఒక వ్యసనం. దాని మూలాన నేను పడిన అవమానం ఒకటి మీకు మనవి చేసుకొంటాను. మన పిల్లల్లో కెమెరా పట్టినవారు చాలామంది ఉన్నారు గనుక పనికిరావచ్చు.

పోయిన చలికాలం పొన్నేరిలో రైలు దిగి, బస్సెక్కి పళవేర్కాడు వెళ్ళాను. పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రదేశానిది. దక్షిణపు కొస మన తిరువళ్ళూరు జిల్లాది. ఫ్లెమింగోలు నీటిలో బారులు తీరి నిలబడి ఉన్నాయి. తమిళులు వాటిని పూనారై అంటారు, ఎంత చక్కని పేరు! తనివితీరా ఫోటోలు తీసుకొన్నాను.

రాత్రి ఇంట్లో పాత లాప్‌టాపు మీద చూస్తే పక్షులు వెలవెలబోతున్నాయి. కళ్ళారా చూసిన గులాబి ఛాయ లేదు. సరే అని రంగు పెంచాను. చాలక మళ్ళీ పెంచాను. మర్నాడు తిరువళ్ళూరులో మా మేనమామగారి ఇంట్లో కొత్త మానిటరు మీద చూపిస్తే, ఆయన కళ్ళద్దాలు సర్దుకొని, "ఏమిరా అబ్బయా, కొంగలకు కుంకుమ పూసినావా?" అన్నారు. ఫోనులో చూస్తే మూడో రంగు!

ఇంతవరకు నవ్వి ఊరుకోవచ్చు. అయితే పక్షులను బాగా ఎరిగిన ఒక మిత్రునికి ఆ ఫోటో పంపితే, "చిన్న ఫ్లెమింగోలు నీకెక్కడ దొరికినాయి?" అని అడిగాడు. గుండె జారింది. పులికాట్‌లో మనం మామూలుగా చూసేది పెద్ద ఫ్లెమింగో. దాని ఒళ్ళు తెలుపులో కలిసిన లేత గులాబి. రెక్క విప్పితే ఎరుపు, అంచున నలుపు. చిన్న ఫ్లెమింగో అంతకన్న ముదురు గులాబి, ముక్కు కూడా ముదురే. ఇక ఈడు రాని పిల్లలది బూడిద ఛాయ. తిండిలో చేరే వర్ణద్రవ్యం వల్ల వాటికి ఏళ్ళమీద రంగు ఎక్కుతుంది. అంటే ఆ రంగు పక్షి జాతినీ వయసునూ చెప్పే గుర్తన్నమాట. నేను ఇంట్లో కూర్చుని పిల్లల వయసు పెంచి, పెద్దవాటి జాతి మార్చాను!

తప్పు ఎక్కడ జరిగింది? నా పాత తెర అసలే ఎరుపును నిండుగా చూపలేదు. పైగా రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉంటుందని పెట్టుకొన్న పసుపు ఛాయను తీసివేయడం మరిచాను. కన్ను కూడా మంచి సాక్షి కాదు. పసుపు వెలుగులో కాసేపు కూర్చుంటే ఆ పసుపునే తెలుపంటుంది. చీరలు కొనే ఆడవారికి ఈ సంగతి మనకన్న బాగా తెలుసు. అంగడి దీపాన్ని నమ్మక వాకిట్లోకి తెచ్చి చూస్తారు.

మా శాఖలో పాత కథ ఒకటుంది. 1906లో భారత ప్రామాణిక కాలం రాకముందు ఊరికొక టైము ఉండేది; రైళ్ళు మాత్రం మద్రాసు టైముకు నడిచేవి. రంగులకు అటువంటి మద్రాసు టైము ఎస్‌ఆర్‌జీబీ. 1996లో హ్యూలెట్ పాకార్డ్, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కలిసి దీన్ని ప్రతిపాదించాయి. 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫోటో బయటికి పంపేటప్పుడు అందులోకి మార్చి, ఆ ప్రొఫైలును ఫైలులోనే ఉంచి పంపండి. ప్రొఫైలు లేని ఫోటో టిక్కెట్టు లేని ప్రయాణీకుడు. ఏ తెర దాన్ని ఏమి చేస్తుందో చెప్పలేము.

అంతకుముందు మన గడియారం సరిచేసుకోవాలి గదా! అందుకు కాలిబ్రేటరు అనే చిన్న పరికరం ఉంది. తెరకు ఆనించి పెడితే, తెర వరుసగా చూపే రంగులను కొలిచి, తేడాలను ఆ తెర ప్రొఫైలుగా రాస్తుంది. తెలుపు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకు 100 నుంచి 120 కాండెలాలు పెట్టుకొంటే ఇంటి పనికి చాలు. పాత తెర చూపలేని ఎరుపును మాత్రం ఏ పరికరమూ తెచ్చిపెట్టదు. పరికరం లేనివారు ఫోటోలో తెల్లకొంగ ఉంటే దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు చూడండి. ఎండ బాగున్న పూట మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. సాయంత్రం తీసిన ఫోటోకు ఈ లెక్క పెట్టకండి, అప్పుడు కొంగ నిజంగానే పసుపుగా ఉంటుంది.

అచ్చు సంగతి వేరు. కాగితానికి తెరకున్న వెలుగు లేదు. ముందు ఒక నమూనా తీయించి పగటిపూట చూసుకోవలసిందే.

కాలిబ్రేటరు ఖరీదు నాబోటి జీతగానికి బరువు. నెలకొకసారి వాడే వస్తువు. సంఘం తరఫున ఒకటి కొని ఇంటింటికీ తిప్పుకొందామని కార్యవర్గానికి నా మనవి. మిత్రుని పరికరంతో తెర సరిచేసుకొని, అదృష్టవశాత్తు చెడకుండా ఉన్న అసలు ప్రతినుంచి ఆ ఫోటోను మళ్ళీ తయారుచేశాను. మా మామగారు ముందు వరుసలోనే కూర్చున్నారు; సభ ముగిశాక బయట వెలుతురులో అచ్చు ప్రతి చూపిస్తాను. కుంకుమ ఉందో లేదో వారే చెప్పాలి.