చదరంగపు గడులలో వడ్లగింజలు



మా కలువాయి మెట్టపొలములకు వాన తప్పినచో గాదెలు వట్టిపోవును. అట్టి యొక కరవునాడు మా తాతగారు పుట్టెడు వడ్లు అప్పుగొని, తీర్పలేని యెడల ఏటికి రెట్టింపగునని వ్రాసియిచ్చిరి. మూడేండ్లు పంట చేతికి రాలేదు. పుట్టి రెండయ్యెను, రెండు నాలుగయ్యెను, నాలుగు ఎనిమిదయ్యెను. చెరువు క్రింది మడి అప్పిచ్చినవారి వశమయ్యెను. ఆ తాతగారే నాకు పలకమీద చదరంగపు లెక్క నేర్పిరి.

మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులు నింపవలెను. మొత్తమెంత? "ఒక బండెడు" అంటిని. తాతగారు నవ్వలేదు.

ఈ లెక్క తెనుగువారికి క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించెను. గడుల మొత్తమును చెప్పు పద్యమొకటి ఆయన పేర ప్రసిద్ధము. అందు అంకెలకు మారుగా మాటలుండును. చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, శరములనగా అయిదు, గగనమనగా సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాసికొనుచు పోయినచో 18446744073709551615 వచ్చును. ఇరువది అంకెలు!

తాటాకుమీద వ్రాయువాడొక మాట తప్పినను లెక్క చెడును గదా. సరిచూచుట యెట్లు? మొదటి నాలుగు గడుల మొత్తము 15. తరువాతి నాలుగింటి మొత్తము దానికి పదునారురెట్లు, అనగా 240. పైవన్నియు అట్లే. కనుక మొత్తము 15 చేత నిశ్శేషముగ భాగింపబడవలెను. మొదటి గింజ తప్ప తక్కినవన్నియు సరిసంఖ్యలు గనుక మొత్తము బేసి. కావున కడపటి అంకె 5 కాక తప్పదు. అంకెలన్నియు కూడిన 87; అది మూడింట తెగును. ఇంతమాత్రమున తప్పులన్నియు దొరకవు. పూర్తిగా చూడగోరువారు రెంటిని దానిచేతనే గుణించి, వచ్చినదానిని మరల దానిచేతనే గుణించుచు, ఆరు మారులు చేసి, తుదకు ఒకటి తీసివేయవలెను. ఏ గడియైనను దానికి ముందున్న గడులన్నిటి మొత్తముకంటె ఒకటి ఎక్కువ గనుక, లేని అరువదియయిదవ గడిని కట్టి ఒకటి తగ్గించుట యన్నమాట.

సగము బల్లకు మొత్తము 4294967295. దీనికి రెండు చేర్చగా వచ్చు సంఖ్యను దేనిచేతను భాగింపరాదని ఫ్రాన్సు గణితజ్ఞుడు ఫెర్మా తలచెను. 641 చేత భాగింపవచ్చునని 1732లో ఆయిలరు చూపెను. గొప్పవారికిని పెద్దసంఖ్యలు దారితప్పించును.

గ్రాముకు నలువది గింజలనుకొన్నచో, సగము బల్ల వడ్లు నూటయేడు టన్నులు. ఊరిలోని గాదెలన్నియు కూడిన అంత ఉండవచ్చును. పూర్తి బల్లకో, ఇప్పటి ప్రపంచపు వరిపంట ఏటికి ఎనుబదికోట్ల టన్నులని పట్టినచో, ఐదువందల డెబ్బది యేండ్లకు పైబడిన పంట కావలెను.

తాతగారు నాచేత సగము బల్లవరకే లెక్క వేయించిరి. ఆపైన పలకలో చోటు చాలలేదు.