దూరసభలు: మీట యెవరి చేతిలో?
(గుండుగొలనున చేసిన ప్రసంగ పాఠము)



పేరులోనే కొలనును దాల్చిన ఈ యూర వీడియో కాన్ఫరెన్సు యంత్రములను గూర్చి ప్రసంగించుట విడ్డూరముగా తోపవచ్చును. అది కార్యాలయములవారి సరుకు గదా, మనకేల యని యడుగువారుందురు. ఆ యంత్రము మన పంచాయతీ గదిలోనికి వచ్చినప్పుడు మన మాటను వినిపించునా, లేక వినుటకు మాత్రమే మనలను కూర్చుండబెట్టునా? నా ప్రశ్న యిదియే.

ఈ విద్య మనకు క్రొత్తది గాదు. గత శతాబ్దపు చివరి యేండ్లలోనే హైదరాబాదున కూర్చున్న ముఖ్యమంత్రి జిల్లా కలెక్టరులతో తెరమీద మాటలాడిరి. తెరమీద కనబడి చెప్పిన సాక్ష్యమును గైకొనవచ్చునని సుప్రీముకోర్టు 2003లో ప్రఫుల్ దేశాయి వ్యాజ్యమున తీర్పు చెప్పినది. 2020లో కరోనా ప్రబలగా న్యాయస్థానములే ఇండ్లలోనికి వచ్చినవి. అయినను కార్యాలయముల దూరసభలలో మాట సాగిన దిక్కును గమనింపుడు. పైవారు ఆజ్ఞాపింతురు, క్రిందివారు తలయూపుదురు. క్రిందివారి మైకు తరచుగా మూయబడియే యుండును!

గుండుగొలనువారు బస్సెక్కి ఏలూరు పోయి అర్జీ యిచ్చి రాగలరు. కుక్కునూరు, వేలేరుపాడు మండలములవారి మాటయో? 2014లో ఖమ్మము జిల్లానుండి మన రాష్ట్రమున గలిసి, 2022 ఏప్రిలున ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరిన గోదావరి ప్రాంతమది. ఆ యేటి జూలై వరదలో చిక్కినవారు జిల్లా కేంద్రమునకు వచ్చి మొరపెట్టుకొనుట యెట్లు? కొల్లేటి లంకలవారికిని ఇట్టి యవసరమే కలదు. 1999లో సరస్సును అయిదవ కాంటూరువరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో చేపల చెరువుల గట్లను త్రెంచిరి. ఆ గీత తమ నేలలో నెచ్చట పడినదో చెప్పవలసినవారు లంకవాసులు గదా! తెరమీద చూచితిమి గనుక పొలమునకు రానక్కరలేదని యధికారి యనినచో మాత్రము అంగీకరింపరాదు. మునిగిన చేను కాలినడకనే కనబడును.

ఇక యంత్రము. డబ్బు చేతికి రాగానే గోడంత టెలివిజను కొనుట వట్టి వెఱ్ఱి. బొమ్మ మసకబారినను సభ సాగును. మాట తెగినచో సభయే లేదు. మైకునకు రెండడుగుల దూరమున పలికిన మాటకంటె పదియడుగుల దూరమునుండి పలికిన మాట ఇరువదియైదవ వంతు బలముతో మాత్రమే నేరుగా చేరును. తక్కిన లోటును గోడల మ్రోతయు, ఫ్యానుల రొదయు నింపును. అందుచేత తెరక్రింద నమర్చిన ఒక్క మైకు ముప్పదిమంది కూర్చున్న గదికి చాలదు. జనులమధ్య నుంచునవి, చేతినుండి చేతికి పోవునవి కావలయును.

మైకు, స్పీకరు ఒక జతగా పనిచేయవలెను. అవతలివారి మాట మన స్పీకరునుండి వెలువడి మరల మన మైకులో పడును. ఆ భాగమును లెక్కగట్టి తీసివేయు నేర్పు యంత్రమునకు లేనిచో, వారి మాట వారికే తిరిగి వినబడి సభ గందరగోళమగును. ప్రక్కనున్నవాడు అదే సభను తన ఫోనులోను తెరచి పెట్టినచో కూత ఖాయము.

మంచి బొమ్మ పంపుటకు సెకనునకు రెండు మూడు మెగాబిట్లు చాలును. అయితే దింపుకొను వేగము గాక పైకి పంపు వేగమును అడిగి తెలిసికొనుడు. మన మాట పోవు దారి యదియే. కరెంటు పోయినచో మొదట బ్యాటరీ కావలసినది టెలివిజనునకు గాదు, రౌటరునకు. కెమేరా కంటి యెత్తున నుండవలెను. మనుష్యుల వెనుక కిటికీ యున్నచో ముఖములు నల్లబడును.

గ్రామసభ రాజ్యాంగపు 243ఏ అధికరణమున నిలిచిన సంస్థ. ఈ కొనుగోలు పద్దు అచ్చటికి వచ్చిననాడు రెండు సంగతులు అడుగుడు. వెనుకబెంచీమీది ముసలమ్మ కూర్చున్నచోటనుండి పలికిన మాట ఏలూరున వినబడునా? ఆ మైకు మీట యెవరి చేతిలో నుండును?