ఏ దెబ్బకు ఏ కర్ర?



గోదావరి లంకలకు పడవ నడుపు సరంగు ఒక్క సాధనమునే నమ్ముకొని బయలుదేరడు. లోతు తక్కువైనచోట గెడ వేయును. గెడ అందనిచోట తెడ్డు పట్టును. గాలి కలిసివచ్చినచో తెరచాప యెత్తును. నేడు నేను ముచ్చటింపబోవు గోల్ఫు ఆటకును ఈ వివేకమే ప్రాణము.

మన బాలురాడు బిళ్ళంగోడులో బిళ్ళ ఎంత దూరము పోయిన నంత గొప్ప. గోల్ఫునం దట్లు గాదు. 4¼ అంగుళముల వెడల్పుగల గుంటలోనికి బంతిని ఎన్ని తక్కువ దెబ్బలతో చేర్చితిమనునదియే లెక్క. అట్టి గుంటలు 18. మన విశాఖపట్టణమున 1884లోనే ఈ ఆటకు క్లబ్బు ఏర్పడినది.

ఆటగాడు సంచిలో 14 కర్రలవరకు ఉంచుకొనవచ్చును. వానిలో పొడుగైనది డ్రైవరు. అది బంతిని మిక్కిలి దూరము పంపును. చేయి రవంత తప్పినచో అడవిదారియు పట్టించును. ఇనుప కర్రలకు అంకెలుండును. అంకె పెరిగినకొలది కర్రముఖపు వాలు హెచ్చి, బంతి ఎత్తుగా లేచి దగ్గరగా పడును. ఇసుకనుండి బంతిని లేపుటకు వెడ్జి, నున్నని పచ్చికపై దొర్లించుటకు పట్టరు. ఎదురుగాలి వీచునపుడు దూరము పంపు కర్రనే తీసి నెమ్మదిగా కొట్టవలెను. చిన్న కర్రతో బలముకొలది కొట్టినచో బంతి గాలిలో పైకి లేచి నడుమనే కూలును.

నా పూర్వశిష్యు డొకడు ఆటచూడ నన్ను వెంటబెట్టుకొని పోయెను. గుంట 360 గజముల దూరమున నున్నది. 190 గజముల కడ వాగు. "మాష్టారూ, మొన్న నొకమారు దీనిని దాటించితిని" అని అతడు డ్రైవరు తీసెను. బంతి నీటిపాలయ్యెను. దానికి దండుగ ఒక దెబ్బ. రోషముతో మరల కొట్టెను. మరల నీరే, మరల దండుగయే. తుదకు 8 దెబ్బలతో ముగించెను.

అతనితో ఆడిన పెద్దమనిషికి అరువదియేండ్లు దాటినవి. ఆయన ఇనుప కర్రతో 150 గజములు కొట్టి వాగునకు ఈవలనే ఆగెను. రెండవ దెబ్బ 130, వాగు దాటెను. మూడవది 80, గుంటచెంత పచ్చికను చేరెను. మరి రెండు మెల్లని తాకుళ్ళు. మొత్తము 5.

కర్ర నెన్నుకొనునపుడు ఎన్నడో యొకమారు కుదిరిన దెబ్బను గాక, పదింట ఏడెనిమిది మారులు కుదురు దెబ్బను కొలతగా గొనవలెను. బంతి చెట్లనడుమ చిక్కినచో సందులోనుండి గురిచూచుట మాని, ఒక దెబ్బ నష్టమైనను ప్రక్కకు బయటపడవలెను. జెండా ఇసుకగుంట ప్రక్కనున్నచో పచ్చిక నడుమకే కొట్టవలెను.

ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు. బడిలో నేనును ఒక చురుకైన బాలుడు ఒకనాడు చూపిన వేగమునే కొలతగా బెట్టి తరగతి నంతను తరిమితిని. వాగులో పడినవారెందరో లెక్కింపనైతిని. వారికి చేతికి తగిన కర్ర నీయవలసినవాడను నేనే.

మీ మనుమలెవ్వరైన ఈ కర్రలు చేపట్టినచో, "ఎంత దూరము కొట్టితివి?" అని యడుగకుడు. "తరువాతి దెబ్బ ఎచ్చటనుండి కొట్టెదవు?" అని యడుగుడు.

సెలవు.