పసివారి సాహసము – పెద్దపిల్లల పెత్తనము

"ఆదివారమునాడు పిల్లలను కొండకు తీసికొనిపోవుచున్నాము, మీ వానిని కూడ పంపుడు" అని అడిగినప్పుడు ఏ తల్లియైనను మొదట వేయు ప్రశ్న ఒక్కటే: "వెంట పెద్దవాళ్ళెవరు వస్తున్నారు?" పిల్లవాని వయస్సు ఎనిమిదేండ్లు. ప్రశ్న న్యాయమైనదే. "నేను వచ్చుచున్నాను, నాతో మరి ఇద్దరు ఉపాధ్యాయులు వచ్చుచున్నారు, కాని ఆటలు నడుపువారును, దారి చూపువారును పదునాలుగు పదునైదేండ్ల బాలురు" అని నేను జవాబు చెప్పగానే ఆమె ముఖము కొంచెము మారును. పిల్లలకు పిల్లలా కాపలా అని పైకి అనకున్నను, ఆ మాట కన్నులలో కనబడును. చాల యేండ్లు కబ్బు పిల్లలతోను, స్కౌటు బాలురతోను తిరిగినవాడను గనుక ఆ చూపు నాకు అలవాటైనది. నేటి ప్రసంగము ఆ తల్లికి నేనీయదలచిన సమాధానము. అది అంతయు నా గొప్ప చెప్పు సమాధానము కాదని ముందుగనే మనవి చేయుచున్నాను.

పిల్లల చేతికి పెత్తనమిచ్చుట ఈ ఉద్యమమునకు పుట్టుకతో వచ్చిన గుణము. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరమున, పూల్ రేవులోని బ్రౌన్‌సీ అను చిన్న దీవికి బేడెన్ పవెల్ సుమారు ఇరువదిమంది బాలురను తీసికొనిపోయెను. వారిలో సంపన్నుల బడులలో చదువువారు కొందరు, పనివారి బిడ్డలు కొందరు. వారిని నాలుగు జట్లుగా విభజించి, తోడేలు, ఎద్దు, కాకోలము, కర్ల్యూ అను నీటిపక్షి, వీని పేర్లు పెట్టి, జట్టునకొక బాలుని నాయకునిగా నియమించెను. దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్ పట్టణమును 1899–1900లో శత్రువులు ముట్టడించినప్పుడు చిన్న బాలుర దళమొకటి వార్తలు మోయుటను ఆయన చూచియుండెను. 1908లో వెలువడిన తన గ్రంథమును ఆయన ఆ బాలుర కథతోనే మొదలు పెట్టెను.

ఆ స్కౌటు బాలురకు ఇండ్లలో తమ్ముళ్ళుండిరి. అన్న కఱ్ఱ పట్టుకొని అడవికి పోవుచుండగా తమ్ముడు గడపలో నిలిచి చూచుచు ఊరకుండునా? "మేమును వత్తుము" అని ఆ పసివారు పెట్టిన పోరు వలననే 1914లో ప్రయోగముగా తోడేలుపిల్లల శాఖ మొదలైనది. 1916లో దానికి ప్రత్యేక గ్రంథము వెలువడినది. కథాధారము కిప్లింగు వ్రాసిన ‘జంగిల్ బుక్’. బొంబాయిలో పుట్టిన ఆ రచయిత 1894లో ప్రకటించిన ఆ పుస్తకములోని తోడేళ్ళ కొండలు మన మధ్యప్రదేశములోని సివనీ కొండలే. ఇంగ్లండు పిల్లలు చలిలో గుమిగూడి మన అడవి తోడేలు పేరిట తమ దళనాయకుని ‘అకేలా’ అని పిలుచుట తలచుకొన్న నాకు ఎప్పుడును నవ్వు వచ్చును.

ఇచ్చట గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. స్కౌటు జట్టు తననాయకుని వెంట ఒంటరిగా పోగలదు. పసివారి విషయమున బేడెన్ పవెల్ ఆ స్వేచ్ఛ నీయలేదు. వారిని ఆరుగురేసి చొప్పున కూర్చి, ఆరుగురిలో కొంచెము పెద్దవానిని సిక్సరు అనిరి. (సిక్సరు అనగానే మన పిల్లలకు క్రికెట్టు తోచును, ఇచ్చట బంతి లేదు, ఆరుగురు చిన్నవాండ్రకు ముందు నడుచు తొమ్మిదేండ్ల వాడు మాత్రమే కలడు.) ఆ తొమ్మిదేండ్ల వాడు అయిదుగురిని కొండయెక్కింపలేడు. కనుక పసివారి సాహసమును పిల్లలే నడుపవలెనన్నచో నడుమ మరియొక మెట్టు కావలెను. ఆ మెట్టే పదునాలుగేండ్ల అన్న, పదునైదేండ్ల అక్క.

బ్రిటనులో ఈ మెట్టునకు నేడు ఒక క్రమము ఏర్పడియున్నది. అచ్చట కబ్బులు ఎనిమిది మొదలు పదిన్నర యేండ్ల వారు. వారికి దిగువ ఆరు మొదలు ఎనిమిదేండ్ల వారికి 1986 నుండి బీవరులు అను శాఖ, ఇంకను చిన్నవారికి 2021 నుండి ఉడుతల శాఖ ఉన్నవి. 14 నుండి 18 ఏండ్ల బాలబాలికలు యువనాయకులుగా శిక్షణ పొంది, ఈ పసివారి దళములలో ఆటలు, నడకలు నడుపుదురు. అయినను విహారములకు పోవునప్పుడు ఆరుగురు బీవరులకొక పెద్ద, ఎనిమిదిమంది కబ్బులకొక పెద్ద ఉండవలెనని లెక్క వేయునెడ, ఈ యువనాయకులను పెద్దలలో చేర్చరు. పని వారిది, పూచీ పెద్దలది. ఈ విభజన నాకు మిక్కిలి నచ్చినది.

మన దేశమున 1909లో బెంగుళూరులో మొదటి దళము వెలసినది. అది తెల్లవారి పిల్లలకు, ఆంగ్లో-ఇండియనులకు మాత్రమే. అనీబిసెంటు మద్రాసులోను, మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ బాజపాయి ప్రభృతులు అలహాబాదులోను భారతీయ బాలుర కొరకు వేరు సంఘములు నెలకొల్పిరి. ఆ శాఖలు 1950 నవంబరు 7న ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినవి. ఇందులో 5 మొదలు 10 ఏండ్ల మగపిల్లలు కబ్బులు, ఆడపిల్లలు బుల్‌బులులు. ఆ చరిత్ర వేరొక ప్రసంగమునకు చాలును గనుక విడిచి, నా అనుభవమునకు వచ్చుచున్నాను.

ఒక ఏడు మాఘమాసములో పదునెనిమిదిమంది కబ్బులను ఊరి వెలుపలి గుట్టకు తీసికొనిపోయితిమి. మూడు ఆరుల జట్లు. జట్టు వెంట ఒక్కొక్క పదునాలుగేండ్ల స్కౌటు. ఆట జాడ తీయుట. అనగా ఒకడు ముందుపోయి నేలమీద రాళ్ళతో బాణపు గుర్తులు పేర్చును. ఇటు పోరాదు అనుటకు రెండు పుల్లలు అడ్డముగ పెట్టును. వృత్తము నడుమ ఒక రాయి ఉంచినచో ఆట ముగిసినది, ఇంటికి పోయితిని అని అర్థము. వెనుక వచ్చువారు ఆ గుర్తులను పట్టుకొని గమ్యము చేరవలెను. గుర్తులు పేర్చిన బాలునికి పదునైదేండ్లు. తెల్లవారక మునుపే పోయి, దారియంతయు నడిచి, నోటుపుస్తకములో పటము గీసికొని వచ్చి నాకు చూపెను. నేను పైపైన చూచి, బాగున్నదంటిని.

దారిలో ఒకచోట ఏటవాలు బండ కలదు. మొదటి జట్టు దాని మీదుగ ప్రాకుచుండగా దూరమునుండి చూచితిని. గుండె ఝల్లుమన్నది. రెండవ జట్టు కూడ దాటినది. మూడవ జట్టులో అందరికంటె చిన్నవారుండిరి. నేను చేయవలసినది ఆ బాలుని పిలిచి నా భయము చెప్పుట. నేను చేసినది వేరు. ఎవరితోను చెప్పక బండ కడకు పోయి, బాణము రాళ్ళను ఎడమవైపు బండ్లబాటకు త్రిప్పి పెట్టి వచ్చితిని. ఆ బాట ఎట్లును చెరువుకట్టకే చేరునని నా ఊహ.

చెరువుకట్ట మీద ఆ బాలుడు లెక్క పెట్టెను. పండ్రెండుమంది వచ్చిరి. పావుగంట గడచినను మూడవ జట్టు జాడలేదు. నాతో వచ్చిన ఉపాధ్యాయుడొకడు పేరులు పెట్టి కేకలు వేయ మొదలిడెను. నాకు కాళ్ళలో వణకు పుట్టెను. అప్పుడా బాలుడు నా కడకు వచ్చి, మెల్లగా, ఇతరులకు వినబడకుండ అడిగెను: "సార్, బండ దగ్గర బాణం మీరేమైనా తిప్పారా?"

త్రిప్పితినంటిని. వాడు మారుమాట లేక నోటుపుస్తకము తెరచి చూచెను. బండ్లబాట కొంత దూరము పోయి రెండుగ చీలును. అందొకటి చెరువునకు పోదు, గుట్ట వెనుకకు పోవును. ఆ సంగతి వానికి తెలియును, నాకు తెలియదు. ఇంకొక స్కౌటును వెంటబెట్టుకొని పరుగెత్తిపోయెను. నేనును వెనుక ఆయాసపడుచు పోయితిని. సగము దూరము పోవునప్పటికి మూడేసి ఈలలు వినబడినవి. దారి తప్పినచో ఉన్నచోటనే కూర్చుండి మూడేసి మారులు ఈల వేయవలెనని మా దళములో కట్టడి.

చింతచెట్టు క్రింద ఆరుగురు పిల్లలును గుండ్రముగ కూర్చుండియుండిరి. నడుమ ఒక తుండుగుడ్డ. దాని మీద బొత్తాము, తాళపుచెవి, చింతగింజలు, పావలా బిళ్ళ, ఒక పిట్ట ఈక, ఇట్టివి. వెంటనున్న పదునాలుగేండ్ల వాడు వారిచేత కిమ్ ఆట ఆడించుచుండెను. కిప్లింగు వ్రాసిన మరియొక నవలనుండి వచ్చిన ఆట అది: పళ్ళెములోని వస్తువులను ఒక నిమిషము చూచి, మూసిన తరువాత ఎన్ని జ్ఞాపకమున్నవో చెప్పవలెను. వాడు చీలిక కడ గుర్తు కానరాక, చివరి గుర్తు కడకు మరలి వచ్చి, మరల అదే తప్పు దారి చూచి, ఇక కదలరాదని నిశ్చయించి కూర్చుండెనట. నడునడుమ లేచి ఈల వేయుచుండెను. పసివారికి తాము తప్పిపోయితిమని తెలియనే తెలియదు. కార్యక్రమములో అదియు ఒక భాగమనుకొనిరి. వారిలో చిన్నవాడు ఆ దినపు ఆటలన్నిటిలో ఇదే బాగున్నదని ఇంటికి పోయి చెప్పెనట.

ఆ సాయంకాలము పిల్లలను తీసికొనిపోవ వచ్చిన తలిదండ్రులకు జరిగినది, నేను బాణము త్రిప్పినది సహా, చెప్పితిని. ఒక తండ్రి మరల తన కుమారుని పంపలేదు. ఆయనను నేను తప్పు పట్టజాలను. అందరు పోయిన తరువాత పదునైదేండ్ల వాడు మాత్రము నిలిచి, "బండ చిన్నపిల్లలకు కష్టమని మీరొక్క మాట చెప్పివుంటే దారి నేనే మార్చేవాణ్ణి కదా సార్" అనెను. బండను గూర్చిన నా భయము తప్పు కాదు. మరునెలలో వాడే చిన్నవారికి వేరు దారి, పెద్దవారికి వేరు దారి ఏర్పరచెను. భయమును దాచి వాని పనిని చాటున దిద్దుట తప్పు. పెత్తనమిచ్చినట్లు ఇచ్చి వెనుకనుండి లాగుకొన్నచో, ప్రమాదము ఏ మూలనుండి వచ్చునో ఇచ్చినవానికిని తెలియదు, పుచ్చుకొన్నవానికిని తెలియదు.

పెద్దపిల్లలకు ఈ పని ఏల ఇయ్యవలెనని మీరడుగవచ్చును. మేమే చేసినచో ఇంకను భద్రముగ జరుగదా? బండ యెక్కుచున్న పిల్లవానితో నేననునది: "జాగ్రత్త, పడతావు." అదే పిల్లవానితో పదునాలుగేండ్ల వాడనునది: "ఎడమకాలు ఆ గుంటలో పెట్టు." నేను ఇచ్చునది భయము, వాడిచ్చునది పట్టు. అయిదారేండ్ల క్రిందట తానును అదే గుంట వెదకుకొనినవాడు గనుక వానికి అది జ్ఞాపకమున్నది, నాకు లేదు. మరియు పసివాడు నావంటి వానిని చూచి, నేనును ఇట్లగుదునని అనుకొనడు. అన్నను చూచి అనుకొనును. ఆడపిల్లల విషయమున ఇది మరింత నిజము. బుల్‌బులు పిల్లలను అడవి నడకకు పంపుటకు సందేహించిన తల్లులు, గైడు బాలిక యొకతె ముందు నడుచుచు తాడు ముడులు వేయుట చూచిన పిమ్మట పంపుటను నేనెఱుగుదును.

వారికిని లోపములు లేకపోలేదు. రెండు గంటల కాలమునకు ఏడు ఆటలు వ్రాసికొని వత్తురు. మూడవ ఆటకే పసివారు సొమ్మసిల్లుదురు. పందెము అనిన చాలు నీళ్ళ సంగతి మరతురు. చీకటి పడినంతనే దయ్యపు కథ చెప్పి చిన్నవారిని ఏడ్పింతురు. ఏడు ఆటల పట్టికను నేను దిద్దను. అది తప్పిపోవుట వారు చూడవలెను, మరుసటి మారు నాలుగే వ్రాసికొని వత్తురు. నీరు, నిప్పు, ఎత్తు, రోడ్డు, తలల లెక్క, ఈ అయిదింటిలో మాత్రము తుదిమాట నాది. ఆ మాటను కూడ బయలుదేరకమునుపే, వారి ఎదుట, వారి పటము చూచుచు చెప్పుదును. దయ్యపు కథలను గూర్చి ఇంతవరకు నాకు ఏ ఉపాయమును తోచలేదు.

మీ పిల్లవానిని పంపుటకు ముందు తలిదండ్రులు చేయదగిన పని ఒకటి కలదు. నన్ను ప్రశ్నించుట మానుడు. ఆ నడుపు బాలుని మీ ఇంటి అరుగు మీదికి పిలిచి కూర్చుండబెట్టుడు. ఎంతమంది పిల్లలు? ఎక్కడెక్కడ ఆగుదురు? ఒకడు తప్పిపోయినచో ఏమి చేయుదువు? ఈ మూడును అడుగుడు. నావైపు చూడక జవాబు చెప్పినచో పంపవచ్చును. మాటమాటకు నావైపు చూచినచో ఆ ఆదివారము ఆపి ఉంచుడు. వానిని సిద్ధము చేయనిది నేను. పంపునప్పుడు ఒక సీసా నీళ్ళు, తలకు టోపీ, మెడలో త్రాటికి కట్టిన ఈల, ఇవి చాలును. కొండకు పోవుచున్నాడు గదాయని ముద్దుకొలది ఆనాడే కొన్న క్రొత్త బూట్లు మాత్రము తొడిగి పంపకుడు. మా మందులపెట్టెలోని దూది సగము ఆ బూట్లు కఱచిన మడమలకే ఖర్చగుచున్నది.