పంపింగ్ అరవై ఉన్నా ఆయాసమెందుకు?



రైలు పట్టాలనూ వెల్డింగ్ అతుకులనూ అల్ట్రాసౌండ్‌తో పరీక్షించేవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో పరీక్ష మీ పనిలోంచి పుట్టిందే. స్వీడన్‌లో హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త మాల్మో ఓడల యార్డుకు వెళ్లి, లోహంలో పగుళ్లు వెతికే పరికరాన్ని తన ఛాతీ మీదే పెట్టి చూశాడు. 1953లో ఎడ్లర్ అనే డాక్టరుతో కలిసి గుండె కదలికను నమోదు చేశాడు. మన విశాఖ సింధియాలో ఉన్నటువంటి యార్డే అది!

ఎకో అవగానే అందరూ అడిగేది ఒకటే: ‘‘పంపింగ్ ఎంతండీ?’’ గుండె ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి పోతోందో చెప్పే అంకె అది. అరవై అంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారిలో సుమారు సగంమందికి పంపింగ్ 50కి తగ్గదు. బీపీ, షుగర్, ఊబకాయం ఉన్న పెద్ద వయసువాళ్లలో ఈ రకం ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసం, కాళ్లకు నీరు. రిపోర్టు మాత్రం నార్మల్!

ఒక కారణం ఏమిటంటే, గుండె లోపలి పొరలోని కండ పోగులు నిలువుగా ఉంటాయి, తరచుగా ముందు దెబ్బతినేవి అవే. చుట్టూ ఉన్న పోగులు తడిబట్ట పిండినట్టు పిండి ఆ లోటును కప్పేస్తాయి. కాబట్టి కండ పొడవు ఎంత కుదించుకుంటోందో విడిగా కొలవాలి. దీన్నే స్ట్రెయిన్ అంటాం. ఎకో తెరమీద కండ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కల గుంపులను కంప్యూటర్ వెంబడిస్తుంది. పది సెంటీమీటర్లు ఎనిమిదైతే స్ట్రెయిన్ 20 శాతం. పొడవు తగ్గుతోంది కనుక రిపోర్టులో ముందు మైనస్ గుర్తు ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడకండి. 20 దరిదాపుల్లో ఉంటే మంచిది, 16కి దిగువైతే అనుమానించాలి.

క్యాన్సర్ మందులు కొన్ని గుండెను దెబ్బతీస్తాయి. పంపింగ్ పడకముందే 20 ఉన్న స్ట్రెయిన్ 17కి దిగితే డాక్టర్లం జాగ్రత్తపడతాం. నా దృష్టిలో ఈ పరీక్ష ఎక్కువ విలువ చేసేది ఇక్కడే.

అయితే బొమ్మ సరిగా రాకపోతే అంకెను నమ్మలేం. పరీక్ష వేళ బీపీ పెరిగినా అది మారుతుంది, మెషీన్ మెషీన్‌కీ తేడా వస్తుంది. ఆయాసపడే ప్రతివారికీ ఈ స్ట్రెయిన్ పరీక్ష అక్కర్లేదు. మామూలు ఎకో, ఈసీజీ, రక్తపరీక్షలతోనే చాలామందికి జబ్బు తేలిపోతుంది.

పోల్చి చూడాలి కనుక పాత ఎకో రిపోర్టులు పారేయకండి. వీలైతే ప్రతిసారీ ఒకేచోట, అదే మెషీన్‌మీద తీయించుకోండి. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి వస్తుంటే మాత్రం, పంపింగ్ ఎంత ఉన్నా, వెంటనే డాక్టరుకు చూపించండి.