రక్తం పలచబరిచే మందు: మేలెంత, భయమెంత?



కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని డాక్టరుగారు వార్ఫరిన్ రాస్తే, "రక్తం కారుతుందటగా సిస్టర్, మానేయనా?" అని అడుగుతారు. ఆ భయం నిజమే. కానీ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు. ఈ మందు గడ్డను కరిగించదు, పెరగనివ్వదు. కరిగించుకునేది మన శరీరమే. అందుకే కనీసం 3 నెలలు వాడాలి. వాపు తగ్గిందని మీ అంతట మీరు మానకండి.

ఐ.ఎన్.ఆర్. పరీక్ష సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. పాలకూర, తోటకూర మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంతే తినండి. షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలంటేనే నాకు భయం! రివరోక్సాబాన్ వంటి కొత్త మాత్రలకు ఈ పరీక్ష అక్కర్లేదు. అయితే కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి సరిపడవు. గర్భిణులకు రెండూ కాదు, హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

మలం నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి.